అరకులో స్థలం మనది, పేరు ఇంకొకరిది

విశాఖలో ఏ శుభకార్యానికి వెళ్లినా, భోజనాలయ్యాక నలుగురు కూర్చుంటే మాట భూముల మీదికే పోతుంది. భోగాపురం రేట్లు అయిపోతాయి, అనకాపల్లి హైవే అయిపోతుంది, అప్పుడు ఎవరో ఒకరు గొంతు తగ్గించి అరకు సంగతి ఎత్తుతారు. మొన్న ఒక గృహప్రవేశంలో వరసకు బావ అయ్యే ఆయన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఫోన్‌లో ఒక అగ్రిమెంటు ఫొటో చూపించాడు. "రిజిస్ట్రేషన్ ఉండదు బావా. మన డ్రైవర్ ఎస్టీ. అతని పేరు మీద కొంటాం, మళ్లీ అతని దగ్గర మనం ముప్పై మూడేళ్లకు లీజు రాయించుకుంటాం. పైన ఒక ఖాళీ చెక్కు, ప్రోనోటు. ఇంకెక్కడికి పోతాడు?"

ఫొటో పెద్దది చేసి చూశాను. వంద రూపాయల స్టాంపు కాగితం. "సదరు సొమ్ము నాకు పూర్తిగా ముట్టినది, ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు" అనే మామూలు వాక్యం. దానికి పైన ఊరి పేరు తప్పు పడితే పెన్నుతో దిద్దారు. కింద అమ్మినవాడి వేలిముద్ర, సిరా ఎక్కువై ఒక్క గీత కూడా కనబడకుండా ముద్దగా ఉంది. సాక్షుల సంతకాలు రెండూ ఇంగ్లీషులో.

"అసలు ఆ 1/70 తీసేస్తే ఈ దొంగచాటు బాధలే ఉండవు. అరకు ఇంకో ఊటీ అయిపోతుంది, వాళ్లూ బాగుపడతారు" అన్నాడు ఆయన. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. 1/70 అంటే ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతంలో, భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం. ఈ టపా ఆ మాట గురించే.

ఆయన ఒక్కడి మాటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2025 జనవరిలో మన ఊళ్లోనే జరిగిన పర్యాటక పెట్టుబడిదారుల సదస్సులో శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు కూడా, ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే 1/70ని సవరించాలనే అర్థం వచ్చేలా మాట్లాడారు. దానికి నిరసనగా ఫిబ్రవరిలో మన్యం బంద్ జరిగింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించాక పైన గొడవ సద్దుమణిగింది. కింద నగరంలో ఆ కోరిక ఎక్కడికీ పోలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 1/70 ఆదివాసులకు మనం పెట్టిన రాయితీ అనుకుంటున్నాం. అది మనం వాళ్లకు పడ్డ బాకీకి రాసిచ్చిన పత్రం. బాకీ తీర్చకుండా పత్రం చించేద్దామనడం న్యాయం కాదు. దీనిమీద నాకున్న అనుమానాలు కూడా దాచకుండా రాస్తాను.

మనం మర్చిపోయే సంగతులు

చట్టం పుట్టుపూర్వోత్తరాలు ఈ టపా చదివేవాళ్లలో చాలామందికి తెలుసు. మాటల మధ్యలో మర్చిపోయేవి మాత్రం గుర్తుచేస్తాను. ఏజెన్సీ భూమి మైదానంవాళ్ల చేతికి పోకూడదని మొదట రాసుకున్నది మనం కాదు, మద్రాసు ప్రెసిడెన్సీలో తెల్లవాళ్లు, 1917లో. వాళ్లేమీ దయగలవాళ్లు కారు. అడవిని 1882 చట్టంతో తమ చేతుల్లోకి తీసుకున్నదీ వాళ్లే. 1879 నాటి రంప పితూరీ చూశాక, షావుకారు అప్పులకు భూములు పోతుంటే కొండలు ఊరుకోవని వాళ్లకు అర్థమైంది. అయినా 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి దాడి జరగనే జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో రెగ్యులేషన్ తెచ్చాం. గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి అమ్మితే చెల్లదన్నాం, అధికారి అనుమతి ఉంటే తప్ప. ఆ "తప్ప" అన్న చోటు నుంచే చాలా భూమి జారిపోయింది. 1970 సవరణ, అంటే ఈ 1/70, వచ్చేసరికి శ్రీకాకుళం కొండల్లో నక్సలైట్ పోరాటపు తుపాకులు పేలుతున్నాయి. 1967 అక్టోబరు 31న లేవిడిలో మొదలైన మంటకు భూమి, వడ్డీ రెండూ కారణాలే. ఆ సవరణతో ఏజెన్సీలో గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఏజెన్సీ భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే ముందుగా భావిస్తారు, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అతనిదే. మనవాళ్లకు మంట పుట్టించేది ఈ షరతే. దీన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1988లో కోర్టు చట్టం పక్షానే నిలిచింది.

"అసెంబ్లీలో ఒక పూటలో సవరించేయొచ్చు" అనేవాళ్లకు ఇంకో మాట. రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద ఇలాంటి రెగ్యులేషన్ చేసేది గవర్నరు. గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం రావాలి. మెజారిటీ ఉన్నంత మాత్రాన అయ్యే పని కాదు.

ఇంత గట్టి చట్టంలో శిక్ష ఎంతో తెలుసా? 1978లో చేర్చిన సెక్షను ప్రకారం ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండు వేలంటే ఈ రోజుల్లో డిసెంబరు శనివారం నాడు లంబసింగిలో మంచి టెంటు కూడా దొరకదు. బావగారి లెక్కలో ఆ జరిమానా ఖర్చుల పద్దులోకి కూడా రాదు.

బ్యాంకు కౌంటరు వెనక

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను పాడేరు వైపు ఒక బ్యాంకు బ్రాంచిలో కొన్నాళ్లు చేశాను. బ్యాంకు పేరు అనవసరం. అక్కడ నన్ను ఇరుకున పెట్టిన ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు. డిగ్రీ చదివిన కుర్రాడు, కొండదొర తెగవాడు, జీపు కొనుక్కోవడానికి లోనుకు వచ్చాడు. వాళ్ల నాన్న పేరు మీద అయిదెకరాల పట్టా. అది తాకట్టుగా తీసుకోవడానికి మా పైఆఫీసు ఒప్పుకోలేదు. ఆ కుర్రాడు కుర్చీలోంచి లేవకుండా అడిగాడు: "సార్, మా అయిదెకరాలు అమ్మితే మీ సీతమ్మధారలో బాత్రూం కూడా రాదు. ఈ చట్టం మమ్మల్ని కాపాడుతోందా, కట్టేసిందా?"

చట్టం తాకట్టును నిషేధించలేదు. సహకార సంఘాలకు, బ్యాంకులకు భూమి స్వాధీనం చేయకుండా తనఖా పెట్టుకోవచ్చని దానిలోనే ఉంది. అప్పు తీరకపోతే బ్యాంకు ఆ భూమిని ఇంకో గిరిజనుడికే అమ్మాలి, అంతే. ఆ మాట మేనేజరుకు చెప్తే ఆయన నవ్వి "వేలం వేస్తే ఎవడొస్తాడండీ?" అన్నారు. అంటే అడ్డు బ్యాంకుల బద్ధకంలో ఉంది. ప్రభుత్వం ఒక హామీ నిధి పెట్టి, వేలంలో ఎవరూ రాకపోతే ఆ భూమి తానే తీసుకుని మరో గిరిజన కుటుంబానికి ఇస్తానంటే ఏ బ్యాంకూ కాదనదు. కొనే గిరిజనుడు దొరకనప్పుడు భూమిని ప్రభుత్వానికి అప్పగించి నష్టపరిహారం తీసుకునే దారి ఆ రెగ్యులేషన్‌లోనే రాసి ఉంది. ఆ దారిలో నడిచినవాణ్ణి నేనైతే చూడలేదు.

కానీ ఆ కుర్రాడి ప్రశ్న దీంతో తీరిపోలేదని నాకు తెలుసు. భూమి ధర కింది ఊళ్లతో పోలిస్తే తక్కువే, దానికి కారణం చట్టమే. అమ్ముకునే స్వేచ్ఛ నాకుండి అతనికి లేకపోవడం సమానత్వమా అని అడిగితే సూటిగా జవాబు చెప్పడం కష్టం. నాకు తోచింది ఇది: ఆ స్వేచ్ఛ వచ్చిన మర్నాడు కొనడానికి వచ్చేది బావగారే. ఖాళీ చెక్కూ ప్రోనోటూ పట్టుకుని బేరానికి దిగే మనిషి, చట్టం ఎత్తేస్తే మంచి రేటు ఇస్తాడని నమ్మడం ఎలా? భూమి పోయినవాడు ఆ డబ్బుతో నగరంలో నిలదొక్కుకున్న ఉదాహరణలు నా ఉద్యోగంలో నాకు పెద్దగా కనబడలేదు. కింద ఫ్యాక్టరీలకు భూములిచ్చిన రైతుల పాసుబుక్కులు కూడా చూశాను. డబ్బు వచ్చిన ఏడాది కొత్త బైకులు, ఆ తర్వాత బంగారం తాకట్టు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గిరిజనులంటే అందరూ ఒకటే కాదు. ఉద్యోగాల్లో ముందున్న తెగలవాళ్లు కోందు, పోర్జా కుటుంబాల భూములు కొనుక్కుంటే చట్టానికి అభ్యంతరం లేదు. బావగారి డ్రైవర్ లాంటి బినామీలు దొరికేదీ ఆ సందులోనే. అలాగే మూడు తరాలుగా ఏజెన్సీలో ఉంటున్న దళిత కుటుంబాలున్నాయి. ఇల్లు తమదని చెప్పుకోవడానికి కాగితం లేదు వాళ్లకు. వాళ్ల విషయంలో చట్టం కఠినంగానే ఉందని నేనూ ఒప్పుకుంటాను. ఉన్న ఇంట్లో ఉండే భరోసా వాళ్లకు ఇవ్వాలి, అమ్ముకునే వీలు లేకుండా ఇవ్వాలి. రిసార్టు కట్టుకోవాలనుకునేవాడు ఈ పేదవాళ్ల కష్టాన్ని చూపించి గేటు తెరిపించుకోవాలని చూస్తుంటాడు, నా గొడవ వాడితో.

మెల్‌బోర్న్ పిల్ల అడిగింది

మా అన్నయ్య మనవరాలు మెల్‌బోర్న్‌లో బడికి వెళ్తుంది. అక్కడ బడిలో మీటింగు ఏదైనా, మొదట "ఈ నేల వురుంజెరి ప్రజలది, వాళ్ల పెద్దలకు మా గౌరవం" అని చదువుతారట. సెలవులకు వచ్చి అరకు అద్దాల రైలు ఎక్కినప్పుడు ఆ పిల్ల అడిగింది: "తాతయ్యా, ఇక్కడ ఎవరికి చెప్పాలి?" మా అన్నయ్య కిటికీలోంచి సొరంగాలు లెక్కపెట్టమని మాట మార్చాడు.

ఆ పద్ధతి బాగుంది. అయితే దాని లోతు కూడా చూడాలి. 1992లో మాబో తీర్పు వచ్చేదాకా ఆస్ట్రేలియా చట్టం దృష్టిలో తెల్లవాళ్లు వచ్చేనాటికి ఆ నేలకు యజమానే లేడు. తల్లుల దగ్గర నుంచి పిల్లల్ని లాక్కుపోయినందుకు ప్రధాని కెవిన్ రడ్ 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2023 అక్టోబరులో ఆదివాసులకు రాజ్యాంగంలో ఒక సలహా సంస్థ ఇద్దామా అని రెఫరెండం పెడితే జనం వద్దన్నారు, నూటికి అరవై మంది. సారీ చెప్పడానికి సిద్ధపడ్డ దేశం, చిన్నపాటి అధికారం పంచుకోవడానికి సిద్ధపడలేదు. కెనడాలో ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 పనులు చేయమని రాసిచ్చింది. అవి ఎన్ని పూర్తయ్యాయన్న పంచాయితీ అక్కడ ఇంకా నడుస్తోంది.

మన దగ్గర అలాంటి మాట ఎవరూ అనలేదు. 2007లో ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనకు భారత్ ఓటేసింది, వేస్తూనే మా దేశంలో అందరూ మూలవాసులే అంది. అందరూ మూలవాసులే అయితే ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలి? సౌకర్యంగా ఉంది. కానీ చట్టాల విషయంలో మనం వాళ్లకన్నా ముందున్నాం, కాగితం మీదైనా. 1/70 ఉంది, ఏజెన్సీ గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 పీసా చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. సమత తీర్పు ఉంది.

సమత కేసు మన అనంతగిరి మండలం నుంచి వెళ్లిందని ఈ తరం పిల్లలకు తెలియదు. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో కాల్సైట్ గనుల లీజుల మీద సమత అనే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న ఇద్దరు జడ్జీలు ఒక పక్క, ఒకరు మరో పక్క. ప్రభుత్వం కూడా 1/70 కింద ఒక 'వ్యక్తే', అది కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతర కంపెనీకి ఇవ్వకూడదు అన్నారు. గనుల లాభంలో కనీసం ఇరవై శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలన్నారు. క్షమాపణ కన్నా ఇది విలువైనదని నా నమ్మకం. ఇన్నేళ్లలో దీన్ని ఎన్ని విధాల చుట్టేసి పోవాలని చూశారో తలుచుకుంటే ఇంకా ఎక్కువ విలువైనదనిపిస్తుంది. 2001లో బాల్కో కేసులో వేరే బెంచి ఆ తీర్పు మీద గట్టి సందేహాలు వెలిబుచ్చింది. మన బాక్సైట్ కథ తెలిసిందే: జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిలో బాక్సైట్ తవ్వకాలకు 2015లో జీవో 97 ఇవ్వడం, జనం తిరగబడితే 2019లో రద్దు చేయడం. 2020 ఏప్రిల్‌లో ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ని సుప్రీంకోర్టు కొట్టేసింది. కోందుల భాష కువి మాట్లాడే ఒకటో తరగతి పిల్లకు తెలుగు మాత్రమే వచ్చిన టీచరు ఎదురైతే ఏమవుతుందో ఆ తీర్పులో నాకు కనబడలేదు.

మన్యంలోని వాకపల్లి అనే ఊరి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2007 ఆగస్టులో పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులని విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని అదే తీర్పులో చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు గడిచాక ఆ ఊరికి మిగిలింది ఎవరి నేరానికో తేలని పరిహారం. సయోధ్య అనే మాట ఆ స్త్రీల ముందు ఎవరైనా పలికితే ఎలా ఉంటుందో ఊహించుకోలేను.

విశాఖ ఏం తీసుకుంది

బాకీ అన్నాను కదా, లెక్క చెప్పాలి. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల్లోంచి వచ్చి తాటిపూడిలో నిలుస్తుంది, అక్కడి నుంచి మన కొళాయిల్లోకి వస్తుంది. రైవాడ నీళ్లు శారదా నదివి, ఆ నది కూడా కొండలదే. బైలదిల్లా ఇనుప ఖనిజం అరకు మీదుగా కొత్తవలస దిగి మన పోర్టుకు చేరడానికి వేసిందే ఇప్పుడు మనం అద్దాల బోగీలో సెల్ఫీలు దిగే ఆ రైలు మార్గం. మాచ్‌ఖండ్ కరెంటు 1955 నుంచి కిందికి వస్తోంది. నీళ్లు, ఖనిజం, కరెంటు దిగాయి. ఇప్పుడు చల్లగాలి కూడా రిజిస్టరు చేయించుకోవాలనుకుంటున్నాం.

భూమి అమ్మకపోతే అభివృద్ధి రాదనేవాళ్లకు కాఫీ ఒక్కటి చాలు జవాబు. ఆ తోటలు చిన్న చిన్న గిరిజన రైతులవి, వెండి ఓక్ నీడన, మిరియాల తీగలతో. 1/70 నీడన కూడా. 2017లో అరకు కాఫీ ప్యారిస్‌లో కొట్టు తెరిచింది, 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఒక్క ఎకరం మైదానంవాళ్లకు రాసివ్వకుండానే ఇదంతా జరిగింది. కాఫీలో అయింది టూరిజంలో ఎందుకు కాదు? గిరిజనుడు తన భూమిలో తనే నాలుగు గదులు కట్టుకుని అద్దెకిస్తే ఏ చట్టమూ అడ్డుపడదు. అడ్డు అప్పు దొరకకపోవడం. దాని గురించి పైన రాశాను.

ఆచరణలో చేయగలిగింది ఒకటుంది. అరకు, లంబసింగి, వంజంగి దారుల్లో ప్రతి రిసార్టు బోర్డు మీద సర్వే నంబరు, పట్టాదారు పేరు రాయించాలి. బుకింగ్ యాప్‌లో కూడా. ఆ పట్టాదారు బ్యాంకు ఖాతాకు గదుల అద్దె వస్తోందో లేదో ఒక్క నెల చూస్తే బినామీలు బయటపడతాయి. జరిమానా రెండు వేల దగ్గర ఆగిపోకూడదు. సవరణ అంటూ చేయాలనుకుంటే ముందు ఆ అంకెను సవరించాలి.

1/70 లేని చోట

చట్టం ఎత్తేస్తే ఏమవుతుందో ఊహించుకోవలసిన పని లేదు. అది వర్తించని గిరిజన గ్రామాలు మన పక్కనే ఉన్నాయి. అనకాపల్లి జిల్లాలో రావికమతం, రోలుగుంట, మాడుగుల, దేవరాపల్లి మండలాల కొండ అంచుల్లో కోందులు, కొండదొరలు ఉన్నారు. డోలీ మోతలు అక్కడా ఉన్నాయి. కానీ ఆ ఊళ్లు షెడ్యూల్డ్ ఏరియా గీతకు ఇవతల పడ్డాయి కాబట్టి 1/70 లేదు. అయిదో షెడ్యూలులో చేర్చమని వాళ్లు చాలాకాలంగా అడుగుతున్నారు.

ఆ కొండ కింది ఒక ఊరికి పాత ఖాతాదారుడు తీసుకెళ్తే వెళ్లాను. నడుం ఎత్తు గోడ కట్టిన జీడితోట. గోడకు ఇవతల నిలబడి ఆయన చెట్లు చూపించాడు, ఏది తండ్రి నాటాడో, ఏది తను నాటాడో. తుపానుకు విరిగి మళ్లీ చిగిర్చిన చెట్టు కూడా చూపించాడు. రికార్డులో ఆ సర్వే నంబరు విశాఖలో ఉండే ఒకాయన పేరు మీద ఉంది, రిజిస్ట్రేషన్ పక్కా, పాసుబుక్కు పక్కా, అంతా చట్టబద్ధం. అమ్మినట్టు రాసి ఉన్న వ్యక్తి ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. అర్జీ ఇచ్చాడు. సాగులో ఉన్నట్టు రుజువు తెమ్మన్నారు. ఆ ఏడాది పిక్కలు గోడ లోపలివాళ్లే ఏరుకున్నారు, ఈయన్ని దినకూలికి రమ్మన్నారు. వెళ్లాడు కూడా.